ఇంట్లో నీళ్ల గొడవ: ప్లంబర్‌ని పిలిచేముందు మనమే పట్టుకోగలిగినవి

ఇంట్లో నీళ్ల గురించి వచ్చే గొడవలన్నీ వడపోస్తే నాలుగే మిగులుతాయి. నీళ్లు రావడం లేదు, సన్నగా వస్తున్నాయి, ఎటో పోతున్నాయి, వచ్చినవి బాగోలేవు. వీటిలో ఏది ఎదురైనా ముందు ప్లంబర్‌కు ఫోన్ చేస్తాం. ఆయన వచ్చి అటూ ఇటూ చూసి "మోటారు పోయింది సార్" అనో, "గోడ పగలగొట్టాలి మేడమ్" అనో అంటాడు. నిజానికి పోయింది చిన్న వాషరే కావచ్చు. ప్లంబర్లందరూ మోసగాళ్లని నా ఉద్దేశం కాదు. ఏం చూసి ఏం చెప్పాలో మనకే తెలియనప్పుడు ఆయనా ఊహించే చెప్తాడు. ఆ ఊహ ఖర్చు మన నెత్తిన పడుతుంది.

హైదరాబాద్ శివార్లలో మామూలుగా కనిపించే ఇంటిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. జలమండలి కనెక్షన్ ఒకటి, పెరట్లో బోరు ఒకటి, కింద సంపు, మేడ మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. వరంగల్‌లోనో గుంటూరులోనో ఉన్నవాళ్లకు నీళ్లిచ్చేవాళ్లు మారతారు కానీ పద్ధతి ఇదే.

ముందు నీళ్ల దారి తెలుసుకోండి

ఒక ఆదివారం పొద్దున తెల్ల కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లంతా తిరగండి. వీధి లైను ఎక్కడ లోపలికొస్తుంది, మీటరు ఎక్కడ, సంపులోకి ఏ పైపు దిగుతుంది, మోటారు నుంచి పైకి వెళ్లే పైపు ఏది, ట్యాంకు నుంచి కిందికి దిగే లైన్లు ఎన్ని, ఇవన్నీ గీసుకోండి. చాలా ఇళ్లలో ట్యాంకు అడుగున రెండు మూడు ఔట్‌లెట్లు ఉంటాయి. ఒకటి వంటింటికి, ఒకటి బాత్రూములకు, ఇంకొకటి పెరటికి. ఒక్కోదానికి ఒక్కో వాల్వు. ఏది దేనిదో ఇల్లు కట్టించిన మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మేస్త్రీ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరా ఉండదు.

కాబట్టి మీరే తేల్చుకోండి. ఒక వాల్వు కట్టి, కింద ఎవరినైనా కుళాయిలన్నీ తిప్పి చూడమనండి. ఏది ఆగిందో అది ఆ వాల్వుది. పైపు మీద పెయింటుతో "వంటిల్లు", "పై బాత్రూము" అని రాసిపెట్టండి. అర్ధరాత్రి కనెక్షన్ పైపు పగిలి గది నిండా నీళ్లు చేరినప్పుడు టార్చి లైటులో కనిపించేలా పెద్ద అక్షరాలతో రాయండి.

ఇంకో సంగతి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఏళ్లతరబడి కదపని గేట్ వాల్వు అలాగే బిగుసుకుపోతుంది, అవసరపడ్డ రోజున గట్టిగా తిప్పితే పిడి విరిగి చేతికొస్తుంది. రెండు మూడు నెలలకోసారి ప్రతి వాల్వూ పూర్తిగా మూసి తెరవండి. పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలితే అది బిగుసుకోదు.

నీళ్లే రావడం లేదు

ముందు ట్యాంకు మూత తీసి చూడండి. ట్యాంకు నిండుగా ఉంటే తప్పు కింది పైపుల్లో. ఖాళీగా ఉంటే సంపు చూడండి. సంపు కూడా ఖాళీ అయితే మోటారును అనాల్సిన పనిలేదు, వీధిలో నీళ్లు వదల్లేదన్నమాట. సంపులో నీళ్లుండి ట్యాంకు ఖాళీగా ఉంటేనే మోటారు సంగతి. చదివితే ఇదంతా తెలిసిందే అనిపిస్తుంది. కానీ పొద్దున ఏడు గంటలకు సబ్బు రాసుకుని బాత్రూములో నిలబడ్డ మనిషి అరుస్తుంటే ఈ క్రమం ఎవరికీ గుర్తుండదు.

మోటారు స్విచ్ వేసి చెవి పెట్టండి. నాలుగు రకాలుగా ఉంటుంది.

1. అసలు చప్పుడే లేదు. బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పడిపోయిందేమో చూడండి. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం ఎక్కువైతే కరెంటు ఆపేది) పడిపోయి ఉంటే రీసెట్ బటన్ నొక్కండి. మళ్లీ వెంటనే పడిపోతే ఇంకోసారి నొక్కకండి, లోపల ఏదో కాలుతోంది.

2. మూలుగుతోంది కానీ తిరగడం లేదు. వెంటనే కట్టేయండి, అలా వదిలేస్తే నిమిషాల్లో వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది. ఎక్కువసార్లు కెపాసిటరే (మోటారుకు మొదటి ఊపు ఇచ్చేది) పోయి ఉంటుంది, లేదా చాలా రోజులు వాడక లోపల ఇంపెల్లరు (నీళ్లను తోసే రెక్కల చక్రం) పట్టేసి ఉంటుంది. మెయిన్ కరెంటు ఆపేసి, వెనక ఫ్యాన్ కవరు తీసి చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే కెపాసిటరు, గట్టిగా ఉంటే ఇంపెల్లరు. కెపాసిటరును మీరు ముట్టుకోవద్దు. కరెంటు తీసేసినా అందులో షాక్ కొట్టేంత ఛార్జి మిగిలి ఉండొచ్చు.

3. హాయిగా తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఎక్కడం లేదు. సంపు మోటార్లకు ఇది మహా మామూలు. కింద వివరంగా చెప్తాను.

4. నీళ్లు ఎక్కుతున్నాయి కానీ ట్యాంకు నిండడానికి ముందుకన్నా చాలాసేపు పడుతోంది. ఇంపెల్లరు అరిగిందేమో, పైకి వెళ్లే పైపు ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ఇది తెలియాలంటే బాగున్నప్పుడు ఎంతసేపు పట్టేదో తెలిసుండాలి. ఖాళీ ట్యాంకు నిండే సమయాన్ని మోటారు పక్కన గోడ మీద పెన్సిలుతో రాసిపెట్టుకోండి.

మూడోది చూద్దాం. సంపు పక్కన నేల మీదుండే మోనోబ్లాక్ మోటారు నీళ్లను పీల్చాలంటే దాని కడుపులోనూ, సంపులోకి దిగిన పైపులోనూ ముందే నీళ్లు నిండి ఉండాలి. ఆ నీళ్లు కిందికి జారిపోకుండా పైపు చివర ఫుట్ వాల్వు ఉంటుంది. అది సరిగ్గా మూసుకోకపోతే రాత్రికి రాత్రి పైపు ఖాళీ అవుతుంది, పొద్దున మోటారు గాలి తింటూ తిరుగుతుంది.

మోటారు ఆపి, నెత్తిన ఉండే ప్రైమింగ్ ప్లగ్గు విప్పండి. చెంబుతో మెల్లగా నీళ్లు పోయండి. బుడగలు వస్తాయి, ఆగండి, మళ్లీ పోయండి. బుడగలు ఆగి అంచుదాకా నీళ్లు నిలబడాలి. ఇప్పుడు ఒక నిమిషం ఆ నీటి మట్టాన్నే చూస్తూ ఉండండి. కదలకపోతే ప్లగ్గు బిగించి మోటారు వేయండి, నీళ్లు ఎక్కుతాయి. మీ కళ్ల ముందే మట్టం దిగిపోతుంటే ఫుట్ వాల్వు కారుతున్నట్టే. యూనియన్ (పైపును విప్పడానికి పెట్టే జాయింటు) విప్పి పైపును పైకి లాగితే కారణం చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. రెక్క కింద ఇరుక్కున్న వేపాకు, ఇసుక రాయి, లేదా అంచు చిరిగిన రబ్బరు వాషరు. కడిగి, వాషరు మార్చి దింపేయండి. ఫుట్ వాల్వు బాగానే ఉండి కూడా మోటారు నీళ్లు పట్టకపోతే మోటారుకీ సంపుకీ మధ్య జాయింట్లలో ఎక్కడో గాలి పీలుస్తోంది. అక్కడ నీళ్లు బయటికి కారవు కాబట్టి కంటికి తెలియదు. జాయింట్ల మీద సబ్బు నురగ రాసి మోటారు వేస్తే నురగ లోపలికి లాక్కునే చోటే తప్పున్న చోటు.

బోరులో ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారును చూడలేం, వినలేం. దానికి ప్యానెల్ మీది ఆమ్మీటరే (మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపేది) దిక్కు. బాగున్నప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తుందో అక్కడ మార్కరుతో గీత పెట్టండి. నీళ్లు రాకుండా ముల్లు గీత కన్నా కిందే ఉంటే బోరులో నీటి మట్టం దిగిపోయి మోటారు ఉత్తగా తిరుగుతోంది. వెంటనే ఆపి కొన్ని గంటలు ఊరనివ్వాలి. ముల్లు గీత దాటి పైకి పోతే మోటారు పట్టేసిందో, వైండింగ్ దెబ్బతిందో, అప్పుడు పైకి తీయక తప్పదు. పైపులన్నీ లాగడానికి కూలీలు కావాలి, ఖర్చు తక్కువేం కాదు. ముల్లు చూడకుండా మోటారు పైకి తీయమనకండి.

ట్యాంకు నిండుగా ఉండి కుళాయిలో నీళ్లు రాకపోవడం ఇంకో రకం. ట్యాంకు ఒకసారి పూర్తిగా ఎండిపోయి మళ్లీ నింపినప్పుడు పైపులో గాలి ఇరుక్కుంటుంది. అన్నిటికన్నా కింద ఉన్న కుళాయిలన్నీ ఒకేసారి పూర్తిగా తిప్పి కాసేపు వదిలేయండి. ఉమ్మినట్టు వచ్చి తర్వాత ధార కడుతుంది. తరచూ ఇలాగే అవుతుంటే ట్యాంకు ఔట్‌లెట్ దగ్గర నిలువుగా, ట్యాంకు కన్నా ఎత్తుగా ఒక గాలి పైపు పెట్టించండి. చిన్న ఖర్చు, పీడ విరగడవుతుంది.

సన్నగా వస్తున్నాయి

ఒక్క కుళాయిలోనే సన్నగా వస్తుంటే మూతి దగ్గర ఉండే జాలీ విప్పండి. తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో రాత్రంతా నానేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. షవరు తలకాయకూ ఇదే మందు. వేడి నీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే గీజరు ఇన్‌లెట్ దగ్గర వాల్వు చూడాలి. ఒక బాత్రూము మొత్తం అలాగే ఉంటే దాని వాల్వు సగమే తెరిచి ఉందేమో చూడండి, ఎవరో రిపేరుకు మూసి సగం తెరిచి వెళ్లిపోయి ఉంటారు.

పై అంతస్తులో ఎప్పుడూ సన్నగానే వస్తుంటే తప్పు ఎవరిదీ కాదు, ఎత్తు తక్కువ. నీళ్ల ఒత్తిడి ఎత్తును బట్టి ఉంటుంది. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున. షవరు కన్నా ట్యాంకు రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటే వచ్చేది 0.2 కిలో, దాంతో ఏ ఖరీదైన షవరూ జల్లు కురిపించదు. ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టడమో చేయాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే టన్ను. దిమ్మె కట్టేముందు స్లాబు కింద స్తంభమో గోడో ఉన్న చోటు చూడమని ఇంజనీరును అడగండి.

వీధి లైనుకే నేరుగా మోటారు బిగించి లాగడం చాలా వీధుల్లో చూస్తాం. అది చట్టవిరుద్ధం, జలమండలి మోటార్లు పట్టుకుపోతుంది. నా అభ్యంతరం అంతకన్నా పెద్దది. వీధి పైపుకు ఎక్కడో ఒక పగులుంటే, దాని పక్కనే డ్రైనేజీ కారుతుంటే, మోటారు పీల్పుకు ఆ మురుగు పైపులోకొస్తుంది. వచ్చేది మీ సంపులోకే కాదు, పక్కింటి పిల్లాడి గ్లాసులోకి కూడా.

నీళ్లు ఎటో పోతున్నాయి

హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం. బస్తీలను మినహాయిస్తే దానికి పనిచేసే మీటరు ఉండాలి. దాటిన నీళ్లకు బిల్లు పడుతుంది. ఉన్నది నలుగురే, వాడకం మారలేదు, బిల్లు మాత్రం వచ్చిందంటే ఎక్కడో కారుతోంది.

పరీక్ష రాత్రి చేయాలి. అందరూ పడుకునేముందు కుళాయిలన్నీ కట్టేసి, సంపులోకి దిగే లైనూ మూసి, ట్యాంకు లోపల నీటి అంచున గీత పెట్టండి. సంపులో ఒక కర్ర ముంచి తడి ఎంతవరకుందో కొలవండి. బాత్రూముల్లో బకెట్లతో ముందే నీళ్లు పట్టిపెట్టండి, లేకపోతే రాత్రి ఎవరో ఒకరు ఫ్లష్ లాగి మొత్తం చెడగొడతారు. పొద్దున మళ్లీ కొలవండి. మామూలు వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే సుమారు 9 లీటర్లు పోయినట్టు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు సంపులో ఒక సెంటీమీటరంటే 40 లీటర్లు. ట్యాంకు తగ్గి సంపు తగ్గకపోతే ఇంట్లోని పైపులు, కుళాయిలు, ఫ్లష్‌లు. సంపు తగ్గితే సంపు గోడలో పగులు.

ఫ్లష్ ట్యాంకు అన్నిటికన్నా పెద్ద దొంగ. చప్పుడు లేకుండా, తడి కనపడకుండా నీళ్లు కమోడ్‌లోకి జారుతూనే ఉంటాయి. ఫ్లష్ ట్యాంకు మూత తీసి బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేయండి. ఇరవై నిమిషాలు ఎవరినీ అటు వెళ్లనివ్వకండి. కమోడ్‌లో నీలం తేలితే అడుగు వాషరు అరిగింది. నీలం రాకపోయినా ట్యాంకులో నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచుదాకా ఉన్నాయేమో చూడండి. అలాగుంటే ఫ్లోట్ తగ్గించి బిగించాలి.

కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే "ఆ కాస్తకే" అంటాం. దాని కింద గ్లాసు పెట్టి పది నిమిషాలు ఆగండి. రోజుకు అలాంటి పది నిమిషాలు 144. గ్లాసులో 100 మిల్లీలీటర్లు పడితే రోజుకు 14 లీటర్ల పైన, నెలకు 430 లీటర్ల పైన. ఈ లెక్క ఇంట్లో వాళ్లకు చూపిస్తే వాషరు ఆ సాయంత్రమే వచ్చేస్తుంది.

గోడ చెమ్మ సంగతి వేరు. ఇక్కడ తొందరపడి గోడ పగలగొట్టిస్తే డబ్బు పోతుంది, కారే చోటు దొరకదు. చెమ్మ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ, టైము రాయండి. పది రోజులు గమనిస్తే అదే చెప్తుంది. మోటారు వేసిన రోజున గీత దాటి పాకితే పైకి వెళ్లే పైపు. స్నానాలైన గంటకు ముదిరితే బాత్రూము నేలో, డ్రైన్ పైపో. వాన తర్వాతే వస్తే స్లాబు. ఎండాకాలం, వానాకాలం, పగలు, రాత్రి తేడా లేకుండా ఒకేలా ఉంటే ఎప్పుడూ నీళ్లుండే సప్లై పైపు. చెమ్మ లోపలిదో, గాలిలోని తేమదో అనుమానమొస్తే గోడకు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్ వెనక తడి ఉంటే గోడలోంచి, ముందు తడి ఉంటే గదిలోంచి.

అపార్టుమెంట్లలో ఈ చెమ్మ దగ్గరే సంబంధాలు చెడతాయి. కింది వాళ్ల సీలింగు మీద మరక, పై వాళ్లు "మా బాత్రూము బాగానే ఉంది" అంటారు. నిజమే, పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టకుండా పైకెళ్లి అడగండి: "వదినా, తప్పు ఎవరిదో తర్వాత చూద్దాం. రేపు ఒక్క రోజు ఈ బాత్రూము వాడకుండా ఉంటారా, చెమ్మ ఆగుతుందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం." వాడకం ఆపినా చెమ్మ పెరుగుతుంటే సప్లై పైపు. ఆగితే డ్రైనో, నేలో. ఆ రెండింట్లో ఏదో తేలాలంటే నాహనీ ట్రాప్‌ను (బాత్రూము నేలలో నీళ్లు పోయే రంధ్రం) ప్లాస్టిక్ కవర్లో చుట్టిన గుడ్డతో గట్టిగా మూసి, నేల మీద అంగుళం లోతు నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. కింద మరక ముదిరితే టైల్స్ సందుల్లోంచి, వాటర్‌ప్రూఫింగ్ లోపం. ముదరకపోతే నేల బాగుంది, ట్రాప్ జాయింటు చూడాలి. ఇద్దరి కళ్ల ముందూ తేలింది కాబట్టి ఖర్చు పంచుకునే మాట సాఫీగా సాగుతుంది.

వచ్చిన నీళ్లు బాగోలేవు

పట్టినప్పుడు తేటగా ఉండి అరగంటకు ఎర్రబడితే ఇనుము. గిన్నెల మీద తెల్ల మచ్చలు, సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఎంతకీ ఉడక్కపోవడం, ఇవి గట్టి నీళ్ల లక్షణాలు. బురద రంగయితే పటిక తిప్పితే మడ్డి అడుక్కి దిగుతుంది. మన పెద్దవాళ్లు చిల్లగింజను కుండ లోపల రాసి చేసిందీ ఆ పనే. అయితే తేటపడ్డ నీళ్లన్నీ మంచినీళ్లు కావు, క్రిములు తేటనీళ్లలోనూ ఉంటాయి.

మురుగు వాసన వస్తే మాత్రం ఆలోచించకండి. సంపు ఇన్‌లెట్ వాల్వు కట్టేయండి, జలమండలి 155313కు ఫోన్ చేయండి, పక్కిళ్ల వాళ్లకూ చెప్పండి. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. వదలని గంటల్లో పైపు ఖాళీగా ఉండి, పగుళ్లలోంచి చుట్టుపక్కల మురుగు లోపలికి చేరుతుంది. అందుకే నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలవి సంపులోకి పోనివ్వకుండా బకెట్లలో పట్టి కడుగుడుకు వాడుకోవాలి. మురుగు అనుమానం ఉన్నన్నాళ్లూ తాగేవి తెర్లకాచి చల్లార్చాలి. తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరగాలి.

ఇప్పుడు టీడీఎస్ మీటర్ల సంగతి. ఫిల్టరు అమ్మేవాళ్లు అది నీళ్లలో ముంచి 600 చూపించి భయపెడతారు. అది నీళ్లలో కరిగిన లవణాలెన్నో చెప్తుంది, అంతే. క్రిముల గురించి, ఫ్లోరైడ్ గురించి ఒక్క ముక్క చెప్పదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కోరదగినది. వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా అనుమతి. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5. జలమండలి నీళ్లు వచ్చే ఇంటికి, టీడీఎస్ 500 లోపుంటే, ఆర్వో అక్కర్లేదని నా అభిప్రాయం. యూవీ ఫిల్టరో, కాచిన నీళ్లో చాలు. ఆర్వో తాగే నీళ్లకన్నా ఎక్కువే వదిలేస్తుంది, ఆ వదిలిన నీళ్లు నేల తుడవడానికి, కమోడ్‌లో పోయడానికి పనికొస్తాయి, కుండీలకు పోస్తే ఉప్పు పేరుకుని మొక్కలు వాడిపోతాయి.

బోరు నీళ్లే తాగేవాళ్ల సంగతి వేరు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపో, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపో ఉన్నవాళ్లకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పేదేముంది. మిగతా చోట్ల బోరు వేసినవాళ్లు కూడా ఒక్కసారైనా ల్యాబులో పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్, నైట్రేట్ కాస్తే పోవు. నీళ్లు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. అక్కడ ఆర్వో ఉండాల్సిందే.

ట్యాంకు, సంపు కడగడం

ఆరు నెలలకోసారి. ఒకటి వేసవి ముందు, ఒకటి వానలు తగ్గాక.

1. ముందు రోజు నుంచి నీళ్లు వాడేసి మట్టం అడుక్కి తెచ్చుకోండి. మోటారు కరెంటు ఆపేయండి. నీళ్లలో కాళ్లు, పక్కనే తీగలు ఉంటాయి కాబట్టి దీని తర్వాతే మిగతాదంతా.

2. సంపు మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనివ్వండి. ఒక్కరే దిగకూడదు, పైన ఒకరు తాడు పట్టుకుని ఉండాలి. లోపలి మనిషి తూలినా పడిపోయినా పైవాళ్లు వెంటనే దూకకూడదు. ఒకరి వెనక ఒకరు దిగి ఇద్దరు ముగ్గురు చనిపోయేది అలాగే. తాడుతో లాగాలి, 101కి ఫోన్ చేయాలి. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవరినీ దింపకండి. దాన్ని మెషీనుతోనే ఖాళీ చేయించాలి, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.

3. అడుగు మడ్డి ఎత్తేసి, గోడలు నైలాన్ బ్రష్‌తో రుద్దండి. సబ్బు, సర్ఫ్ వద్దు. ముఖ్యంగా టాయిలెట్ యాసిడ్‌ను బ్లీచింగ్ దగ్గరకు రానివ్వకండి, రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని క్లోరిన్ వాయువు వస్తుంది.

4. నీళ్లు నింపి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయండి. అన్ని కుళాయిల్లో వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. ఒక రోజు అలాగే ఉంచండి. ఈ నీళ్లు తాగకూడదు, స్నానానికీ వద్దు.

5. మొత్తం పారబోసి, ఒకసారి మంచినీళ్లతో కడిగి నింపుకోండి.

ఆ తర్వాత నీళ్ల మీద అనుమానం వచ్చినప్పుడు వెయ్యి లీటర్లకు 8 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, అంటే సుమారు రెండు టీస్పూన్లు కలిపి అరగంట ఆగితే సరిపోతుంది. పౌడరు తాజాదై ఉండాలి. మూత తీసి నెలలు గడిచిన ప్యాకెట్‌లో వాసన తప్ప సత్తువ ఉండదు.

మూతలు బిగుతుగా ఉండాలి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం శుక్రవారం డ్రైడే (నిలవ నీళ్లు పారబోసే రోజు) పాటించమని పంచాయతీ వాళ్లు చెప్పేది అందుకే. కూలర్లు, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింది ప్లేట్లు ఆ రోజు బోర్లించండి. సంపు మూతకు తాళం వేయండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని ఇవ్వాళే చేయండి.

ట్యాంకరు, మోటారు స్విచ్, ఇతర తగాదాలు

వేసవిలో ట్యాంకరు దింపేటప్పుడు గోడ మీద కొలత రాసుకోండి. సంపు పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 2 మీటర్లయితే అడుగు విస్తీర్ణం 5 చదరపు మీటర్లు. అందులో 5,000 లీటర్లు పోస్తే మట్టం సరిగ్గా మీటరు లేవాలి. 80 సెంటీమీటర్లే లేస్తే వచ్చింది 4,000. డ్రైవరుతో వాదించాల్సిన పని లేదు, సంపులోకి స్కేలు దింపి చూపిస్తే చాలు. అపార్టుమెంటులో ట్యాంకరు డబ్బులు ఫ్లాటుకింత అని కాకుండా మనుషుల లెక్కన పంచుకుంటే తిట్లు తగ్గుతాయి. ఇద్దరున్న ఫ్లాటూ ఏడుగురున్న ఫ్లాటూ ఒకే మొత్తం కట్టడం ఎవరికైనా మండిపోతుంది.

"మోటర్ బంద్ చేసినవా?" "నువ్వు చేసినవనుకున్న." ఈ రెండు మాటలు వినని ఇల్లు ఉండదు. ఈలోగా మేడ మీద నుంచి నీళ్లు వీధిలోకి పారుతుంటాయి. దీనికి మనుషుల్ని మార్చాలని చూడకండి. ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ పెట్టించండి. ట్యాంకులో ఒక సెన్సర్, సంపులో ఒకటి. సంపు ఖాళీ అయినా మోటారు ఆగుతుంది కాబట్టి ఉత్తగా తిరిగి కాలిపోదు.

వాన నీళ్ల గురించి ఒక్క లెక్క. వంద చదరపు మీటర్ల స్లాబు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. మొదటి వాన మురికిని వదిలేసి, తర్వాతి నీళ్లను బోరు పక్కన పెద్ద రాళ్లు, కంకర, ఇసుక వరసగా నింపిన ఇంకుడు గుంతలోకి మళ్లించండి. ఆ గుంత డ్రైనేజీకి దూరంగా ఉండాలి.

ప్లంబర్‌కు ఏం చెప్పాలి

ఇవన్నీ చూశాక కూడా మనిషి కావాల్సిందే అనుకుంటే, ఫోన్‌లో "నీళ్లు రావట్లేదు, తొందరగా రా అన్నా" అనొద్దు. సంపులో నీళ్లున్నాయా, మోటారు తిరుగుతోందా, ప్రైమింగ్ నీళ్లు నిలిచాయా, ఏ వాల్వు కట్టితే కారడం ఆగిందో చెప్పండి. పైపు సైజు అరంగుళమా, ముప్పావా, అంగుళమా, తెల్ల యూపీవీసీనా, వేడి నీళ్లకు వాడే పసుపు రంగు సీపీవీసీనా కూడా చెప్పండి. ఆ రెండింటికీ గమ్ము వేరు. గమ్ము వేసిన జాయింటులో వెంటనే నీళ్లు వదలమంటే వద్దనండి, డబ్బా మీద రాసినంత సేపు ఆగాల్సిందే. మార్చిన పాత వాషరు, స్పిండిల్ పారేయనివ్వకండి. వచ్చేసారి షాపుకి దాన్నే పట్టుకెళ్తే సైజు గురించి రెండోసారి తిరగక్కర్లేదు.